పురుగుమందు కొట్టక ముందే చెప్పండి

సంపాదకుడు గారికి,

ఐరోపా సమాఖ్యకూ గల్ఫ్ సహకార మండలికీ వాణిజ్య ఒప్పందం కుదిరితే చిత్తూరు మామిడి గుజ్జుకు మంచి రోజులు వస్తాయన్న మాట ఈ మధ్య మా జిల్లాలో తరచు వినిపిస్తోంది. కాయ దించే వంతు కోసం టోకెను చేతబట్టుకుని రెండు రాత్రులు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు మీదే పడుకున్న రైతు కూడా అదే అంటున్నాడు. గుజ్జు కొనేది ఎక్కువగా ఆ రెండు వైపుల వాళ్ళే కాబట్టి ఆశ పుట్టడం సహజం. నాకు నాలుగు ఎకరాల తోతాపురి తోట ఉంది. ఉద్యోగ విరమణ దాకా బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. ఈ రెండు అర్హతలతో ఆ ఆశ మీద కాసిన్ని నీళ్ళు చల్లక తప్పడం లేదు.

గల్ఫ్ మండలి 1981లో ఏర్పడింది. సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్ సభ్యులు. ఐరోపాతో 1988లో సహకార ఒప్పందం చేసుకున్నారు, 1990లో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు మొదలుపెట్టారు. ముందు మీ ఆరుగురూ ఒకే సుంకం పెట్టుకోండి అంది ఐరోపా. అది జరిగేసరికి 2003 వచ్చింది. ఆ తర్వాత ఎగుమతి సుంకాల మీద పేచీ, మానవ హక్కుల షరతు మీద పేచీ. 2008లో గల్ఫ్ పక్షం చర్చలు ఆపేసింది. రెండు కూటముల అధినేతలు తొలిసారి శిఖరాగ్ర సమావేశంలో కూర్చున్నది 2024 అక్టోబరులో, బ్రస్సెల్స్‌లో. 1990 నాటికి మా తోటలో అంట్లు నాటి రెండేళ్ళు. ఇప్పుడు ఆ చెట్ల కొమ్మలు వరుసకూ వరుసకూ మధ్య అల్లుకుపోయాయి. చర్చలు మాత్రం ఇంకా పూతకే రాలేదు.

ఎందుకు రాలేదంటే, ఐరోపా తరఫున 27 దేశాలకూ కలిపి ఒక్క కమిషనే మాట్లాడుతుంది. అవతల మండలికి అంత అధికారం లేదు, ప్రతి రాజధానీ విడిగా తల ఊపాలి. పైగా 2017 జూన్ నుంచి 2021 జనవరి దాకా మండలిలోని మూడు దేశాలే ఖతార్‌ను వెలివేసి సరిహద్దు మూసేశాయి. ఇంట్లో పొయ్యి రెండుగా చీలినప్పుడు వియ్యంకుడితో మాట్లాడేదెవరు? చివరికి ఐరోపా 2025లో ఒక్క యూఏఈతో విడిగా చర్చలు మొదలుపెట్టింది. మనమూ అంతే. 2004లో మండలి మొత్తంతో ప్రాథమిక ఒప్పందం రాసుకుని, పని జరగక, 2022లో యూఏఈతో విడిగా సంతకం చేశాం.

సరే, రేపే కుదిరిందనుకుందాం. గల్ఫ్ ఉమ్మడి సుంకం చాలా సరుకుల మీద 5 శాతమే. అది ఐరోపా సరుకుకు పోతే లాభం ఐరోపా పళ్ళరసం సీసాకు. మన 215 కిలోల గుజ్జు డ్రమ్ము నెదర్లాండ్స్ చేరి, అక్కడ రసమై సీసాలోకి ఎక్కి దుబాయికి వెళ్తే దాన్ని ఐరోపా సరుకు అనాలా, భారత సరుకు అనాలా? ఆ సంగతి ఒప్పందం అనుబంధంలో, మూలదేశ నిబంధనల్లో తేలుతుంది. ఆ అనుబంధం రాసేచోట మనకు కుర్చీ లేదు.

2025 సీజనులో కిలోకు 12 రూపాయలు అన్నారు: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. నేను కాయ తోలిన ఫ్యాక్టరీ ఆ 8 కూడా పూర్తిగా ఇవ్వలేదు. అడిగితే, పాత గుజ్జు డ్రమ్ములే గోదాములో పడి ఉన్నాయి అన్నారు. ఎర్ర సముద్రంలో దాడులకు భయపడి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరుగుతున్నాయనీ, బాడుగ పెరిగిందనీ చెప్పారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఇంకో కారణం ఎవరూ గట్టిగా చెప్పరు, అది మా తోటల్లోనే ఉంది.

ఏదైనా పంటకు ఫలానా పురుగుమందుకని ప్రత్యేక పరిమితి పెట్టని చోట ఐరోపా లెక్క కిలోకు 0.01 మిల్లీగ్రాములు. అంటే నూరు టన్నుల కాయలో ఒక్క గ్రాము. నూరు టన్నులంటే ఇరవైకి పైగా ట్రాక్టర్లు! ఫ్యాక్టరీలో నా కాయ, పక్క ఊరివాడి కాయ ఒకే తొట్టిలో పడతాయి. ఒక్కరి కాయ గీత బాగా దాటినా గుజ్జంతా దాటిపోవచ్చు. ఒక రేవులో దొరికితే ఆ హెచ్చరిక కూటమిలోని దేశాలన్నింటికీ వెళ్తుంది. కూటమి అన్న మాట బలం మనకు తెలిసేది ఇక్కడే. సంతకాలు పెట్టుకోవడానికి దశాబ్దాలు పట్టే వాళ్ళు సరుకు తిప్పి పంపడానికి మాత్రం ఒక్క మాట మీద ఉంటారు.

క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందుకు ఐరోపా 2020లోనే అనుమతి తీసేసింది. మన దుకాణాల్లో అది ఇంకా దొరుకుతుంది. తేనెమంచు పురుగు కనబడగానే దుకాణదారు చేతికిచ్చిన డబ్బా కొట్టేస్తాం. రైతును తప్పుపట్టను. ఈ సంగతి తెలుగులో రాసిన కాగితం ఒక్కటీ నాకు ఇంతవరకు అందలేదు.

రాష్ట్ర ఉద్యానశాఖ, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా కలిసి ఐరోపా, గల్ఫ్ కూటములు ఏ మందు ఎంతవరకు ఒప్పుకుంటాయో, ఆఖరి పిచికారీకీ కోతకూ ఎన్ని రోజులు ఎడం ఉండాలో ఒక్క పేజీలో తెలుగులో అచ్చు వేయించి ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి మందుల దుకాణం గోడ మీద అంటించాలి. మీ పత్రిక జిల్లా పేజీలోనూ ఆ పట్టిక వేయండి. సంక్రాంతి దగ్గర పడిందంటే మా మండలంలో పూత మందు కొట్టడం మొదలవుతుంది. ఆలోపు కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మామిడి రైతు
బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా