షేల్ గ్యాస్ కన్నా ముందు ఉప్పునీటి లెక్క తేల్చండి: కేంద్ర పెట్రోలియం మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

షేల్ (గ్యాసును పట్టి ఉంచే గట్టి మట్టిరాయి) అన్వేషణకు 2013లో ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకు, 2018లో మిగతా కాంట్రాక్టర్లకూ కేంద్రం తలుపులు తెరిచింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కొమ్ముగూడెం షేల్ మీదా ఆశలున్నాయి. గ్యాసుతోపాటు పైకొచ్చే నీళ్ల సంగతి మాత్రం ఎవరూ గట్టిగా అడగడం లేదు.

అమెరికాలోని మార్సెలస్ షేల్‌లో రాతిని చీల్చడానికి ఒక్కో బావిలోకి కోటిన్నర, రెండు కోట్ల లీటర్ల నీళ్లు పంపేవారు. తొలి వారాల్లో అందులో పదో వంతు, కొన్నిచోట్ల ఐదో వంతు వెనక్కొచ్చేది. రోజులు గడిచేకొద్దీ దాని ఉప్పు లీటరుకు లక్ష మిల్లీగ్రాములు దాటుతుంది. సముద్రంలోనే 35 వేలు! పెన్సిల్వేనియాలో మొదట దీన్ని ఊళ్ల మురుగుశుద్ధి కేంద్రాలకు తోలారు. అవి ఉప్పును తీయలేవు. నదిలో కలిసిన బ్రోమైడ్, దిగువన తాగునీటికి క్లోరిన్ వేసేసరికి ట్రైహాలోమీథేన్లనే హానికరమైన రసాయనాలయింది. 2011లో ఆ తోలకం ఆపించాక ఈ నీటినే కొత్త బావుల్లో మళ్లీ వాడడం ఊపందుకుంది.

అలా వాడే పద్ధతి తెలిసిందే. గాలి కొట్టి, పీహెచ్ పెంచి, కరిగున్న ఇనుమును ముద్దకట్టించాలి. తేర్చి, వడకట్టి, కొత్త నీళ్లతో కలపాలి. ఇనుము మిగిలితే రాపిడి తగ్గించే పాలీఅక్రిలమైడ్ సరిగా పనిచేయదు. బ్యాక్టీరియా మిగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి పైపుల్ని తినేస్తుంది. కలిపే నీళ్లలో సల్ఫేట్ ఉంటే ఇంకా ప్రమాదం. తీరంలో చేతికందే సముద్రపు నీటిలో అది లీటరుకు 2,700 మిల్లీగ్రాములు. షేల్ నీటిలోని బేరియంతో కలిస్తే బేరియం సల్ఫేట్ పొలుసు కట్టి పగుళ్లను మూసేస్తుంది. యాసిడ్ పోసినా కరగదు. నీటిలోని రేడియోధార్మిక రేడియాన్నీ తనలో పట్టేసుకుంటుంది. అందుకే ట్యాంకు అడుగు బురదనూ వాడిన ఫిల్టర్లనూ రేడియోధార్మికత కొలవకుండా గేటు దాటనివ్వకూడదు.

కొత్త బావులు తవ్వుతున్నన్నాళ్లే పాత నీటికి గిరాకీ. తవ్వకం ఆగినా నీరు వస్తూనే ఉంటుంది. ఇంత ఉప్పు ముందు ఆర్‌ఓ చేతులెత్తేస్తుంది. ఆవిరి చేస్తే పది లక్షల లీటర్లకు వంద టన్నుల ఉప్పు మిగులుతుంది. లోతు పొరల్లోకి ఎక్కిస్తే ఏమవుతుందో 2011లో ఒహాయోలోని యంగ్స్‌టౌన్ భూకంపాలు చూపించాయి. ఇక నేలమీద వదలాలంటే కరిగిన లవణాలకు మన పరిమితి లీటరుకు 2,100 మిల్లీగ్రాములు. లక్ష మిల్లీగ్రాముల ఉప్పున్న లీటరు నీటికి 47 లీటర్ల మంచినీళ్లు కలిపితే కాగితం మీద సరిపోతుంది. పక్కనే డెల్టా కాలువ ఉంటే ఆ బుద్ధి పుట్టక మానదు. పలుచన చేయడాన్ని శుద్ధిగా ఒప్పుకోబోమని నిబంధనలో రాయించండి.

నీటిని మూసిన స్టీలు ట్యాంకుల్లోనే ఉంచాలి. తుపాన్ల జిల్లాల్లో తెరిచిన గుంటలు వద్దు. బేరియం, సల్ఫేట్, బ్రోమైడ్, రేడియం పరీక్షలు మొదటి రోజు, వారం, నెల తప్పనిసరి చేయండి. చివరి బావి తరవాత నీరు ఎక్కడికి, ఎవరి ఖర్చుతో వెళ్తుందో తేలాకే అనుమతి మీద సంతకం పెట్టండి.

భవదీయులు,
నీటిశుద్ధి ఇంజినీర్లు