అబ్‌స్ట్రాక్ట్ బొమ్మయితే రంగు ఊడినా ఫర్వాలేదా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఊడిపోతున్న మీ యాక్రిలిక్ రంగు, దాని గురించి మీవాళ్లు నాతో మాట్లాడిన తీరు.

అయ్యా,

మీ వెబ్‌సైట్లో కొన్న నీలం రంగు ఆరాక కూడా తడి బ్రష్ తగిలితే లేచిపోతోంది. ట్యూబు పోతే ఇంకోటి కొనుక్కుంటాను. కానీ వేసవి మొదట్లో చేసిన ఫిర్యాదుకు ఇప్పటిదాకా మీ కంపెనీలో ఒక్క మనిషీ సరైన జవాబు చెప్పలేదు. నా కోపం దానికి.

మొదట ఫోన్ ఎత్తిన అమ్మాయి బిల్లు అడిగింది, పంపాను. ట్యూబు ఫొటో అడిగింది, పంపాను. మర్నాడే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? మళ్లీ ఫోన్ చేస్తే పాతది మూసేశాం, కొత్త కంప్లైంట్ పెట్టండన్నారు. ఈసారి వేరే అబ్బాయి, కథంతా మళ్లీ మొదటి నుంచి. "నీళ్లు ఎక్కువ కలిపి ఉంటారు మేడమ్" అన్నాడు. నీళ్లు మరీ ఎక్కువైతే రంగుకు పట్టు తగ్గుతుందని నాకూ తెలుసు. అందుకే చుక్క నీరు కలపకుండా వేరే కాగితం ముక్క మీద పూసి, రాత్రంతా ఆరనిచ్చి, తడి గుడ్డతో తుడిచాను. గుడ్డంతా నీలం. ఆ వీడియో పంపితే చూశామని కూడా ఎవరూ అనలేదు.

తర్వాత సీనియర్ అంటూ ఒకాయనకు కలిపారు. ఆయన నా బొమ్మ ఫొటో చూసి, "ఇది అబ్‌స్ట్రాక్ట్ కదా మేడమ్, అక్కడక్కడా రంగు పోయినా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

నాకు తెలుస్తుంది. 300 జీఎస్ఎం, అంటే బాగా మందమైన కాటన్ కాగితాన్ని తడిపి, ముడతలు పడకుండా గమ్ టేపుతో బోర్డుకు అంటించి, అది బిగుసుకున్నాకే మొదటి రంగు వేస్తాను. అడుగున ముదురు నీలం. ఆరాక దాని మీద పల్చగా ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు. ఆపైన మీడియం, అంటే రంగులో కలిపే యాక్రిలిక్ ద్రవం, కలిపిన తెలుపు వేసి, ఆరకముందే సగం తుడిచేస్తాను. కొన్నిచోట్ల గరుకు కాగితంతో రుద్ది కిందిదాన్ని మళ్లీ పైకి తెస్తాను. నా బొమ్మలో చెట్టూ ఉండదు, మనిషీ ఉండడు. ఏ రంగు కింద ఏ రంగు ఉందన్నదే బొమ్మ. యాక్రిలిక్ ఒకసారి సరిగ్గా ఆరితే నీటికి కరగదు. ఆ గుణం కోసమే వాటర్ కలర్ వదిలి ఇటు వచ్చాను. మీ నీలం మాత్రం పైన ఇంకో పొర వేయబోతే బ్రష్‌తో పాటే వచ్చేసింది. తెలుపంతా మురికి నీలమైంది, ఒక మూల కాగితం పీచు బయటపడింది. అడుగు పొర పోయాక దాన్ని విడిగా మళ్లీ వేయడం కుదరదు.

మన దేశపు అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు వి.ఎస్. గైతోండే నూనె రంగులను రోలరుతో పరిచి, కత్తితో గీకి, పొరలు పొరలుగా కట్టేవారు. 2014లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆయన బొమ్మలతో ప్రత్యేక ప్రదర్శనే పెట్టింది. రంగులమ్మే కంపెనీలో ఒక్కరికైనా పొర అంటే ఏంటో తెలియాలి కదా?

కాలేజీ రోజుల నుంచి నావి మీ రంగులే. నా దగ్గర నేర్చుకునే పిల్లల చేతా మీవే కొనిపించాను. ఖరీదెక్కువని తల్లిదండ్రులంటే, నిలుస్తాయండీ అని నేను పూచీపడ్డాను. ఇప్పుడు వాళ్లకు నా ముఖం ఎలా చూపించాలి?

ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా తేల్చాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన మెయిల్‌కు అతీగతీ లేదు. ట్యూబు ధర వాపసిస్తామని మధ్యలో ఎవరో అన్నారు. ఆ కాగితం మీద నేను చేసిన పనికి ఏమిస్తారు? ఆ బ్యాచ్‌ను ల్యాబులో పరీక్షించి, రంగుల గురించి తెలిసినవాళ్లు నాతో మాట్లాడాలి. ఆ సీనియర్ అన్న మాటకు రాతపూర్వకంగా క్షమాపణ కావాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. అక్కడ లాయర్ లేకుండా నా కేసు నేనే చెప్పుకోవచ్చు. మీ రంగులు కొనిపించిన ప్రతి ఇంటికీ నేనే ఫోన్ చేసి ఇక కొనొద్దని చెప్తాను.

జవాబు మనిషి రాయాలి, కింద పేరుండాలి.

ఇట్లు,
ఇన్నేళ్లూ మీ రంగులే వాడిన ఒక చిత్రకారిణి,
హైదరాబాద్