2025 వార్షిక నివేదిక: గృహ సహాయ ఉపసంఘం పనులు

మాన్య సభ్యులకు నమస్కారం.

మన నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి ఏడాది కార్యక్రమాల నివేదికను సభ్యులకు అందజేయవలసి ఉంది. ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకల వివరాలను సాంస్కృతిక కార్యదర్శి, తెలుగు తరగతుల వివరాలను వాటి బాధ్యులు విడిగా సమర్పిస్తున్నారు కనుక, ఈ పత్రాన్ని పూర్తిగా, అమెరికాలోని న్యూజెర్సీలో తక్కువ ఆదాయంవారి ఇళ్ల కోసం మన తెలుగు సంఘం తరఫున పాటుపడుతున్న గృహ సహాయ ఉపసంఘం పనికే కేటాయిస్తున్నాను. ఉపసంఘం ఆశయాలను మీరే ఈ సభలో ఆమోదించారు. వాటిని మళ్లీ వివరించబోను.

ముందుగా అందరం సంతోషించవలసిన సంగతి. మనం రెండేళ్లుగా తోడ్పడుతున్న లాభాపేక్ష లేని గృహనిర్మాణ సంస్థ తలపెట్టిన ఎనిమిది టౌన్‌హౌసుల (గోడకు గోడ ఆనించి కట్టే ఇళ్ల) వరుస అక్టోబరులో పూర్తయింది, ఎనిమిది కుటుంబాలు తాళంచెవులు అందుకున్నాయి. వారిలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా పనిచేసే ఒక తల్లి, ఆమె ఇద్దరు పిల్లలు ఉన్నారు. అద్దెకు ఉంటున్న ఇంటిని యజమాని అమ్మేయడంతో, ఆ జీతానికి అందే అద్దెలో మరో ఇల్లు దొరకక, ఏడాదికి పైగా వారు చెల్లెలి ఇంట్లో, ముందు గదిలో రాత్రిపూట పరుపు పరచుకొని, తెల్లవారగానే చుట్టి సోఫా వెనక్కు తోసేసి రోజులు గడిపారు. ఇలా బంధువుల ఇళ్లలో తలదాచుకునేవారు ప్రతి జనవరిలో ఒక రాత్రి దేశమంతటా జరిపే నిరాశ్రయుల లెక్కలోకి రారు. 2024 జనవరి లెక్కలో 7,71,480 మంది తేలారు. అది అంతకుముందు ఏడాదికంటే 18 శాతం ఎక్కువ, పిల్లలున్న కుటుంబాల్లో చూస్తే 39 శాతం ఎక్కువ. అయినా ఈ తల్లీపిల్లలు ఆ సంఖ్యలో లేరు. బడులు మాత్రం 1987 నాటి మెకిన్నీ వెంటో చట్టం కింద ఇటువంటి పిల్లలనూ నిరాశ్రయులుగానే గుర్తించి, పాత బడిలోనే కొనసాగనిచ్చి, వచ్చిపోయే ఏర్పాటు చేయాలి. ఆ చట్టం పుణ్యమా అని పెద్దమ్మాయి బడి మారలేదు. పక్క ఊరినుంచి వచ్చే వ్యాను కోసం చీకటితోనే లేచి నిలబడేదని ఆ తల్లి మాతో చెప్పింది.

తాళాలు ఇచ్చిన రోజున ఆమె, కొత్త ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు మీవాళ్లు ఏం చేస్తారని మన మహిళా సభ్యులను అడిగింది. పాలు పొంగిస్తామని చెబితే, మా ఇంట్లోనూ పొంగించండి అంది. వంటగదిలో ఇంకా రంగు వాసన పోలేదు, అరలకు అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. గిన్నె పొయ్యి మీద పెట్టి పిల్లలిద్దరినీ దగ్గర నిలబెట్టారు. పాలు పొంగి కాయిల్ మీద పడి మాడేసరికి పొగ అలారం మోగింది, దానితో కలిపిన పై అంతస్తు అలారాలు కూడా మోగాయి. చిన్నవాడు భయపడలేదు సరికదా, ఇది మా ఇంటి అలారమే కదా అని తల్లిని రెండుసార్లు అడిగాడు. మన సంఘం పెట్టినప్పటినుంచి ఎన్నో వేడుకలు చేశాం. నావరకు ఆ మధ్యాహ్నాన్ని మించినది లేదు.

టౌన్‌హౌసులే ఎందుకని గత ఏడాది ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగారు. మన ప్రాంతంలో ఇంటి ఖర్చులో పెద్ద భాగం స్థలానిదే. విడివిడి ఇళ్లయితే మూడు పట్టే స్థలంలో వరుస ఇళ్లు ఎనిమిది పట్టాయి. పక్కింటి గోడ తోడుండటం వల్ల చలికాలంలో వేడి ఖర్చు తగ్గుతుంది. మూడు అంతస్తులకు మించనంతవరకు వీటిని మామూలు నివాస గృహాల నిబంధనల కిందే కట్టవచ్చు కనుక లిఫ్టు, ఉమ్మడి వసారాల ఖర్చు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి వాకిలి వారికి, ఎవరి మెట్లు వారికి ఉంటాయి. మనలో చాలామంది ఈ దేశంలో కొన్న మొదటి ఇల్లు టౌన్‌హౌసే కనుక దీనిని ఇంకా వివరించనక్కరలేదు.

ఇంటివారు కూడా నిర్మాణంలో గంటల లెక్కన తమ శ్రమ కలిపి, ఆదాయానికి తగిన వాయిదాలతో ఇల్లు సొంతం చేసుకునే ఈ పద్ధతి, 1976లో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ పట్టణంలో మొదలైన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ ద్వారా ఎన్నో దేశాలకు పాకింది. ఆ సంస్థ 1983లో భారతదేశంలో పని ఆరంభించినది మన ఖమ్మంలోనే అన్న సంగతి ఖమ్మం జిల్లా సభ్యులు గర్వంగా చెప్పుకోవచ్చు. ఆ జిల్లావారు ఈసారి శనివారాల నిర్మాణ పనికి తప్పక వచ్చారని కూడా ఇక్కడే రాయాలి.

పనిలో మనవారికి ఎక్కువగా అప్పగించినది ఇళ్ల మధ్య గోడల సామాను మోయడం. రెండు ఇళ్ల చట్రాల మధ్య సందులో ఉక్కు పట్టీల నడుమ అంగుళం మందం జిప్సం పలకలను రెండు వరుసలుగా నిలబెడతారు. రెండడుగుల వెడల్పే అయినా పలక బరువు ఒక్క మనిషి మెట్లెక్కించగలిగేది కాదు. ఆ గోడను ఇరువైపులా చెక్క చట్రాలకు చిన్న అల్యూమినియం బిళ్లలతో పట్టిస్తారు. ఒక ఇంట్లో మంటలు చెలరేగితే ఆ వైపు బిళ్లలు కరిగి, కాలిన చట్రం గోడను లాగకుండా విడిగా కూలిపోతుంది. గోడ రెండో ఇంటి బిళ్లల ఆధారంతో నిలబడి పక్క కుటుంబాన్ని కాపాడుతుంది. ఇంత చిన్న వస్తువు మీద ఇన్ని ప్రాణాలు ఆధారపడతాయని విశ్రాంత సివిల్ ఇంజనీరైన మన సభ్యులొకరు యువకులకు బిళ్లను చేతిలో పెట్టి మరీ చూపించారు. ఆగస్టులో తనిఖీకి వచ్చిన అధికారి రెండు చోట్ల బిళ్లలు తక్కువ పడ్డాయని ఆపేశారు. ఆపడం న్యాయమే, అదే సాయంత్రం వాటిని బిగించారు కూడా. కానీ మళ్లీ వచ్చి చూడటానికి టౌన్‌షిప్ (మన ఊరి పురపాలక) కార్యాలయం మూడు వారాలు తీసుకుంది. ఆ మూడు వారాలూ లోపలి పని సాగలేదు, ఎనిమిది కుటుంబాలూ ఉన్నచోటనే ఉన్నాయి. బడి తెరిచేలోగా ఇళ్లలో చేరాలన్న వారి ఆశ అక్కడే పోయింది. ఫోను చేసిన ప్రతిసారీ జాబితాలో ఉన్నారనే సమాధానమే వచ్చింది.

ఇక మన సంగతి. ఉగాది వేదిక దగ్గర పెట్టిన కాగితంలో ఈ పనికి వస్తామని 41 మంది పేర్లు రాశారు. శనివారం ఉదయం ఏడింటికి హెల్మెట్ పెట్టుకొని నిలబడినవారు ఏనాడూ పన్నెండు మందికి మించలేదు. జులైలో ఒక శనివారం ముగ్గురమే ఉన్నాము. సంస్థ వారు పేర్ల లెక్కను నమ్మి పలకలు తెప్పించుకొని, మోసేవారు లేక వాటిని వాన పడకుండా టార్పాలిన్ కప్పి వెళ్లిపోవలసి వచ్చింది. రాలేకపోవడానికి కారణాలు ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ శుక్రవారం రాత్రి ఒక్క సందేశం పెట్టడానికి కారణం అడ్డురాదు. వచ్చే ఏడాది పేరు రాసేవారు తేదీ కూడా రాయాలని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చినవారికి మాత్రం ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. పదకొండు శనివారాలు ఒక్కటీ తప్పకుండా వచ్చిన దంపతులకు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా పనిచోటుకు వచ్చిన నర్సు చెల్లెలికి. ప్రతి వారం పులిహోర, పెరుగన్నం, మజ్జిగ పంపి కూలీలకు కూడా వడ్డించిన అమ్మలకు. పికప్ ట్రక్కు ఇచ్చి అడిగినప్పుడల్లా నడిపిన సోదరునికి. అందరి చేతి తొడుగుల ఖర్చు భరించిన కిరాణా దుకాణం యజమానికి. పిల్లల గదులకు పుస్తకాల అరలు బిగించిన హైస్కూలు విద్యార్థులకు పేరుపేరునా నమస్కారాలు. పూర్తి జాబితాను సభలో చదివి వినిపిస్తాము. ఎవరి పేరైనా జారిపోతే ఆ తప్పు నాది. సభకు ముందే తెలియజేయండి.

ఇళ్లు కట్టడానికి ముందు ఇళ్లు కట్టనివ్వాలి కదా. ఈ ఏడాది ఉపసంఘం సమయంలో సగం ఆ పనికే పోయింది. న్యూజెర్సీలో ప్రతి ఊరూ తక్కువ ఆదాయంవారి ఇళ్లకు తన వంతు చోటు కల్పించాలన్న సూత్రం 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ అనే ఊరి కేసులో ఇచ్చిన తీర్పునుంచి వచ్చింది. 2024 మార్చిలో వచ్చిన కొత్త చట్టం దానికి గడువులు పెట్టింది. దాని ప్రకారం ఊళ్లన్నీ వచ్చే పదేళ్లకు తమ వంతు సంఖ్యను 2025 జనవరి 31లోగా తీర్మానించి, ఎక్కడ, ఎలా కడతారన్న ప్రణాళికను జూన్ 30లోగా ఇవ్వవలసి వచ్చింది. ఆ ఇళ్లలో కనీసం సగం ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 50 శాతానికి మించని కుటుంబాలకు చెందాలి. 30 శాతం కూడా లేనివారికి కనీసం 13 శాతం ఇళ్లు దక్కాలి. మన టౌన్‌షిప్ ప్రణాళిక మీద జూన్‌లో ప్లానింగ్ బోర్డు బహిరంగ విచారణ జరిపింది. గది నిండిపోయి జనం నడవలో నిలబడ్డారు. అనుకూలంగా మాట్లాడినవారిలో మన సంఘం నుంచి నలుగురం ఉన్నాము.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం దాచకుండా చెప్పాలి. రాకపోకల రద్దీ పెరుగుతుందని, బడులు నిండిపోతాయని, ఇళ్ల ధరలు పడిపోతాయని ఆ రాత్రి బోర్డుకు అందిన వ్యతిరేక విజ్ఞప్తి మీద సంతకాలు చేసినవారిలో మన సభ్యులూ ఉన్నారు. వారి పేర్లు ఇక్కడ రాయను. ఎవరి అభిప్రాయం వారిది, సభ్యత్వానికి దానితో సంబంధం లేదు. కానీ ఈ దేశానికి వచ్చిన కొత్తలో రెండు గదుల అపార్ట్‌మెంటులో నలుగురైదుగురం సర్దుకొని బతికినవాళ్లం మనమే. మన ఇళ్లలో ముసలివారిని చూసుకోవడానికి వచ్చేవారు, పిల్లల బడి బస్సు నడిపేవారు, మందుల దుకాణంలో పొట్లాలు కట్టేవారు ఈ ఊళ్లో పగలు పనిచేసి రాత్రికి గంట దూరం పోవాలనడం నాకు సమంజసంగా తోచదు.

ధరల భయం గురించి మాటలతో వాదించడంకంటే కళ్లారా చూడటం మేలని, సెప్టెంబరులో ఒక ఆదివారం బస్సు మాట్లాడి సభ్యులను మౌంట్ లారెల్ తీసుకువెళ్లాము. టర్న్‌పైక్ రహదారి మీద పదో ఎగ్జిట్ దగ్గర ఎక్కి నాలుగో ఎగ్జిట్‌లో దిగితే గంట ప్రయాణం. అక్కడి నల్లజాతి కుటుంబాలు 1960ల చివర 36 అపార్ట్‌మెంట్లు కట్టుకోవడానికి అనుమతి అడిగితే ఊరి పెద్దలు కాదన్నారు. తరతరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న కుటుంబానికి చెందిన ఎథెల్ లారెన్స్ కోర్టుకెక్కారు. 1975లో గెలిచినా, 1983లో మరో తీర్పు వచ్చినా ఇళ్లు లేవలేదు. ఆమె 1994లో కన్నుమూశారు. ఆమె పేరుతో తొలి టౌన్‌హౌసుల్లో కుటుంబాలు చేరింది 2000 సంవత్సరంలో. ఇప్పుడక్కడ 140 ఇళ్లున్నాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాస్సీ బృందం వాటి చుట్టుపక్కల ప్రాంతాలను పరిశీలించి, నేరాలు పెరగలేదనీ, ఇళ్ల విలువలు పడిపోలేదనీ, పన్నుల భారం పెరగలేదనీ తేల్చింది. బస్సులో వచ్చినవారిలో సంతకం పెట్టిన ఒకరు తిరుగు ప్రయాణంలో నా పక్కన కూర్చొని, ఏవి ఆ ఇళ్లో ఏవి మామూలు ఇళ్లో నాకు తెలియలేదండీ అన్నారు. ఆ సభ్యుడు నవంబరునుంచి ఉపసంఘంలో ఉన్నారు.

జమాఖర్చులు కోశాధికారి అనుబంధ పత్రంలో ఉన్నాయి, లెక్కల తనిఖీ ముగిసింది. సంక్రాంతి విందు, దీపావళి లాటరీ ద్వారా వచ్చిన సొమ్ము అంతా గృహ నిధికే చేరింది. నిర్వహణ ఖర్చుకు అందులోంచి ఏమీ తీయలేదు. సందేహాలుంటే కోశాధికారిని సభలో అడగవచ్చు.

గ్రంథాలయం వెనుక ఖాళీగా ఉన్న టౌన్‌షిప్ స్థలాన్ని ఇటువంటి ఇళ్లకు కేటాయించాలని కోరుతూ పురపాలక అధికారులకు మూడు లేఖలు రాశాము. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. నాలుగోది ఈ సమావేశం తరఫున, సభ్యులందరి సంతకాలతో పంపాలని ప్రతిపాదిస్తున్నాను.

రాబోయే ఏడాదికి రెండు పనులు ముందున్నాయి. అదే సంస్థ ఆరు ఇళ్ల రెండో వరుసకు మంచు కరగగానే, ఏప్రిల్‌లో పునాది తవ్వబోతోంది. అంతకుముందే, ఊళ్లు ప్రణాళికకు తగినట్టు జోనింగ్ నిబంధనలు (ఏ స్థలంలో ఏం కట్టవచ్చన్న నియమాలు) మార్చి ఆర్డినెన్సులు, అంటే ఊరి స్థాయి చట్టాలు, ఆమోదించడానికి చట్టం పెట్టిన గడువు 2026 మార్చి 15. ఆర్డినెన్సు విచారణ తేదీ తెలిసిన వెంటనే సందేశం పంపుతాను. మాట్లాడదలచినవారు పేరు, చిరునామా చెప్పి మూడు నిమిషాల్లో ముగించాలి. ఏం చెప్పాలో ముందుగా రాసుకుంటే మంచిది, తెలుగులో రాసుకొస్తే ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వడానికి మన విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. కారు లేనివారిని ఇంటి దగ్గర ఎక్కించుకొని మళ్లీ దించే బాధ్యత నాది.

ఇట్లు,
కార్యదర్శి