అమ్మలూ, ఆ పొద్దుటి కడుపునొప్పి గురించి

చి. అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న ఫోన్లో అమ్మతో “పొద్దున లేవగానే కడుపులో నొప్పి వస్తోంది, గ్యాస్ గోలీ వేసుకుంటే తగ్గిపోతోందిలే” అన్నావట. మందుల షాపులో కూర్చునేవాణ్ణి కదా, ఆ “తగ్గిపోతోందిలే” దగ్గరే నాకు మనసు ఆగిపోయింది. ఫోన్ చేస్తే “సరే నాన్నా” అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

మన షాపుకి పొద్దున్నే మిర్చి యార్డు హమాలీలు వస్తారు, నీకు తెలుసుగా. ఒక చెయ్యి బొడ్డు పైన అదిమిపెట్టుకుని, రెండో చేత్తో నలిగిన పది నోటు కౌంటర్ మీద పెట్టి “గ్యాస్ గోలీ ఒకటియ్యి సారూ” అంటారు. నొప్పి ఎక్కడ, తింటే తగ్గుతోందా పెరుగుతోందా, ఇంకేం మందులు వాడుతున్నావు అని అడుగుతాను. చివరి ప్రశ్నకి చాలామంది చెప్పేది ఒకటే: రాత్రి పడుకునే ముందు ఒళ్ళునొప్పుల గోలీ. పగలంతా బస్తాలు మోసినవాడికి అది లేందే నిద్ర పట్టదు. అది వేసుకుంటే పొద్దున కడుపు పట్టేస్తుంది.

నువ్వు కూడా మెడనొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకుంటున్నావని అమ్మ చెప్పింది. అది గానీ డైక్లోఫెనాక్ గానీ, నొప్పిని పుట్టించే రసాయనాలతోపాటు కడుపు లోపలి పొరను కాపాడే రసాయనాలను కూడా ఆపేస్తాయి. ఆ పొర బలహీనపడితే కడుపులోని యాసిడ్ నేరుగా తగులుతుంది. ముందు మంట, ముదిరితే పుండు. ముందు ఆ మాత్ర ఆపెయ్యి. మెడకి మరీ తప్పకపోతే పారాసిటమాల్ వేసుకో, కడుపుకి అది అంత చేటు చెయ్యదు. మంచం మీద బోర్లా పడుకుని చదవడం మానితే సగం మెడనొప్పి దానంతటదే పోతుంది.

ఇప్పుడు నీ నొప్పి సంగతి. బొడ్డు పైన, రొమ్ము ఎముక కింద మంటగా ఉండి, నాలుగు ఇడ్లీలు తినగానే సర్దుకుంటోందా? తెల్లవారుజామున రెండు మూడింటికి నిద్ర లేపుతోందా? అలాగైతే చిన్నపేగు మొదట్లో పుండు ఉందేమో చూడాలి. తిన్నాక పెరిగితే కడుపులోనే అయ్యుండొచ్చు. ఇది నేను తేల్చేది కాదు, డాక్టరే చూడాలి.

నేను ఫార్మసీ చదివే రోజుల్లో కూడా ఊళ్ళో అల్సర్ అంటే కారం, కంగారు అనేవాళ్ళు. కానీ చాలా పుండ్లకి మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ ఈ సంగతి ఎవరూ నమ్మడం లేదని 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వికారం, వాంతులు, కడుపు పొర వాపు. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. మన దేశంలో ఈ బ్యాక్టీరియా చాలామంది కడుపుల్లో ఉంటుంది, అందరికీ పుండు పడదు. ఉందో లేదో ఊపిరి పరీక్షతో గానీ మలపరీక్షతో గానీ తెలుస్తుంది. ఉంటే యాంటీబయాటిక్స్‌తో కలిపి సాధారణంగా రెండు వారాల కోర్సు ఇస్తారు. నాలుగో రోజుకే నొప్పి తగ్గిందని మధ్యలో ఆపేవాళ్ళని రోజూ చూస్తుంటాను. నువ్వు మాత్రం అలా చెయ్యకు.

ఇక్కడే నీ గ్యాస్ గోలీతో చిక్కు. యాసిడ్ తగ్గించే పాంటొప్రజోల్ లాంటి గ్యాస్ గోలీ వాడుతూ పరీక్ష చేయించుకుంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావొచ్చు. పరీక్షకి ముందు రెండు వారాలు ఆపమంటారు. ఇన్నాళ్ళుగా వేసుకుంటున్నానని డాక్టరుకి తప్పకుండా చెప్పు. డాక్టరు వాడమంటే మటుకు టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. తినగానే కడుపులో యాసిడ్ తయారీ మొదలవుతుంది, ఆ వేళకి మందు రక్తంలో ఉండాలి. తిన్నాక వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యదు.

నొప్పి బొడ్డు కింద మెలిపెట్టినట్టు వచ్చి, మోషన్‌కి వెళ్ళొస్తే హాయిగా ఉంటే అది పేగు సంగతి. మలబద్ధకం ఉందా? నీళ్ళు తాగుతున్నావా? హాస్టల్లో పొద్దున్నే గ్లాసెడు పాలు తాగుతున్నావుగా, ఒక పది రోజులు అవి మాని చూడు. పెద్దయ్యాక పాలలోని చక్కెర చాలామందికి అరగదు. పెరుగు, మజ్జిగ పడతాయి, అవి మానకు. నెలసరి రోజుల్లోనే ఎక్కువైతే అమ్మతో వివరంగా మాట్లాడు.

ఇంకో మాట, ఏమీ అనుకోకు. మాక్ టెస్ట్ ఉన్న పొద్దునే నొప్పి ఎక్కువా? బడికి వెళ్ళే పిల్లలకి సోమవారం వచ్చి ఆదివారం రాని కడుపునొప్పి ఉంటుంది. పెద్దవాళ్ళు నటన అంటారు గానీ ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. మనసుకీ పేగుకీ నరాల సంబంధం ఉంది. గ్రూప్స్ ఈసారి కాకపోతే మళ్ళీసారి. దిగులుగా ఉంటే బస్సెక్కి వచ్చెయ్యి, పుస్తకాలు ఇక్కడ చదువుకో.

పరగడుపున టీ మానెయ్యి. ముందు ఒక అరటిపండో, నాలుగు అటుకులో తిను. రాత్రి తొమ్మిదిన్నరకి తిని పదింటికి పడుకోకు, రెండు మూడు గంటల ఎడం ఉండాలి. కారం వల్ల పుండు రాదు, కానీ ఉన్న మంటని రేపుతుంది, కాబట్టి ఈ నెల మెస్సులో ఆవకాయ జోలికి పోకు. అమ్మ వాము వేయించి పంపుతోంది. ఉబ్బరానికి మంచిదే, పుండుకి మాత్రం అది మందు కాదు.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడిలాంటిది గానీ కనిపించినా, నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి జారి జ్వరం వచ్చినా, ఎవరినీ అడక్కు, 108కి ఫోన్ చెయ్యి. అప్పుడు గోలీలూ ఆముదమూ ఏమీ వద్దు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నప్పుడు కూడా మలం నల్లబడుతుంది, ఆ సంగతీ చెప్పు. ఊరికే బరువు తగ్గుతున్నా ఆలస్యం చెయ్యకు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట నిమ్స్ పక్కనే. ఈ వారంలోనే పొద్దున్నే వెళ్ళి గ్యాస్ట్రో ఓపీలో చూపించుకో. ఒక్కదానివే వెళ్ళలేనంటే నేను రాత్రి బస్సుకి వస్తాను, షాపు తమ్ముడు చూసుకుంటాడు. ఏ రోజు వెళ్తావో అమ్మకి చెప్పు, చీటీ ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు.

ఇట్లు,
మీ నాన్న
ఖమ్మం