పక్క మెషిన్ దగ్గరి బాబాయ్ గారికి

మా వారికి కిడ్నీ మార్పిడి జరిగింది. నిన్నే డిశ్చార్జ్ చేశారు. నిద్ర లేక కళ్లు మూతలు పడుతున్నాయి, కానీ ఇప్పుడే రాయాలి.

కిడ్నీ ఇచ్చింది మా వారి అక్క. థాంక్స్ అంటే వదినకు కోపం. పిల్లల్ని అమ్మ చూసుకుంది, డబ్బు తమ్ముడు సర్దాడు.

నేను చెప్పాల్సింది డయాలసిస్‌లో పక్క మెషిన్ దగ్గర కూర్చునే పెద్దాయన గురించి. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. రానుపోను ప్రయాణం, తర్వాత వచ్చే నీరసం కలిపితే ఆ రోజు పోయినట్టే. మా వారి ఉద్యోగం అలాగే పోయింది. చివరికి నన్ను కూడా, ఇంకోసారి సెలవు పెడితే ఇక రావద్దన్నారు. ఫోన్ పెట్టేసి కారిడార్‌లో ఏడుస్తుంటే ఆయన దగ్గరికొచ్చారు. "నువ్వు డ్యూటీకి వెళ్లమ్మా. మా ఆవిడ కోసం నేనెలాగూ ఇక్కడే ఉంటాను, అబ్బాయిని కూడా చూస్తాను."

మాటవరసకు అన్నది కాదు. బీపీ పడిపోతే నర్సును పిలిచింది ఆయనే. కాళ్లు పట్టేస్తే రుద్దింది ఆయనే. సూదులు తీశాక ఫిస్టులా మీద, అంటే సూదులు గుచ్చడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం మీద, దూది పెట్టి, రక్తం ఆగేదాకా అదిమి పట్టుకునేవారు. ముందు వాళ్లావిడ చెయ్యి, తర్వాత మా వారి చెయ్యి. మా వారు విసుక్కుంటే, "ఒంట్లో బాగోక అంటాడులే" అనేవారు.

ఒకరోజు ఆ మెషిన్ దగ్గర వేరే పేషెంట్ ఉన్నారు. పెద్దాయన వాళ్లావిడ పోయారు. కొన్నాళ్లకు మేం వెళ్లేసరికి పెద్దాయన మా కన్నా ముందే వచ్చి స్టూల్ మీద కూర్చుని ఉన్నారు. "ఇవాళ అబ్బాయి టర్ను కదమ్మా" అన్నారు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. ఆపరేషన్ దాకా అలా వస్తూనే ఉన్నారు.

బాబాయ్ గారూ, నా ఉద్యోగం నిలబడింది మీవల్లే. ఆ జీతంతోనే మందులు కొంటున్నాను.

ఆపరేషన్ అయిందిగా, ఇంకేం ఖర్చు అంటున్నారు అందరూ. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మందులు అది పనిచేసినన్నాళ్లూ వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయిస్తూనే ఉండాలి. ఆస్పత్రిలో అడ్మిట్ అయితేనే మా బీమా వర్తిస్తుందట. డయాలసిస్ మీద బతుకుతున్న మనిషికి జబ్బు ఇంకా ఉందని ఎన్నిసార్లు సర్టిఫికెట్ తెమ్మన్నారో! మనిషిని జబ్బు సగం తింటే, ఈ కాగితాలు మిగతా సగం తింటున్నాయి.

అయ్యో, రక్తం ఇచ్చిన కుర్రాళ్ల పేర్లు కూడా అడగలేదు. నాకోసం షిఫ్టులు మార్చుకున్న మా ఆఫీసు అమ్మాయికీ, రాత్రిపూట వార్డులో నాకు కుర్చీ వెతికి తెచ్చిన ఆయాకూ చాలా చాలా థాంక్స్. ఇంకా ఎవరినైనా మర్చిపోతే ఏమీ అనుకోకండి, నిద్ర లేచాక రాస్తాను.