మీ నాయన ఇంటికి వచ్చేలోపు

రామమూర్తినగర్, బెంగళూరు
2025 డిసెంబరు 7

ప్రియమైన రమణకు,

రేయ్, పక్షవాతంతో మంచాన పడ్డ మీ నాయనను ఇంట్లో చూసుకోవడానికి "నెలకు ఎంతవుతుంది, ఒక్క అంకె చెప్పు" అని నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగావు. చెప్పలేకపోయాను. మీ వెనకాల హాస్పిటల్ మైకు మోగుతోంది, మీ అమ్మ ఏదో అడుగుతోంది, నువ్వు సగం మాటలే వింటున్నావు. అందుకే ఆదివారం పూట కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువుకో. వచ్చే వారం డిశ్చార్జి అన్నావు కాబట్టి మనకు ఏడెనిమిది రోజుల టైముంది.

ముందు మా లెక్క చెబుతాను. అమ్మకు 2024 మార్చిలో పక్షవాతం వచ్చింది, కుడి వైపు. ఇంటికి తెచ్చిన మొదటి మూడు నెలలు నెలకు అరవై వేలు దాటింది. పగలూ రాత్రీ ఉండే అటెండరుకు ఏజెన్సీకి 28,000. ఫిజియో వారానికి ఆరు రోజులు, రోజుకు 700 చొప్పున దాదాపు 17,000. మందులు ఆరు వేలు, డైపర్లు ఐదు వేలు, మంచం అద్దె మూడు వేలు, గ్లౌజులు, దూది, ఆటోలు అన్నీ కలిపి ఇంకో రెండు వేలు. ఇప్పుడు నలభై రెండు వేల దగ్గర ఆగింది. ఫిజియో వారానికి రెండు రోజులే, మంచం వెనక్కి ఇచ్చేశాం, ఏజెన్సీ కూడా లేదు. మీ చెన్నైలో ఒక వెయ్యి అటూ ఇటూ ఉంటుందేమో గాని, పెద్ద తేడా ఉండదనుకుంటున్నాను.

చూశావా, దాదాపు సగం మనిషి జీతమే. మందుల షాపు బిల్లు చూసి మనం బెదిరిపోతాం గాని, అసలు ఖర్చు మంచం పక్కన కూర్చునే మనిషిది. ఆ ఖర్చు మామూలుగా ఏ ఇన్సూరెన్సూ ఇవ్వదు. మీ ఆఫీసు పాలసీలో నాయన పేరు ఉంది కాబట్టి ధైర్యంగా ఉన్నావు. అది హాస్పిటల్ బిల్లు చూసుకుంటుంది, అంతే. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకో. చాలా పాలసీల్లో డిశ్చార్జి తర్వాత 60 రోజుల దాకా మందులు, టెస్టులు, డాక్టరు రాసిన ఫిజియో కూడా క్లెయిమ్ చేసుకోవచ్చు. నీ పాలసీలో ఎన్ని రోజులో అడుగు. డిశ్చార్జి సమ్మరీలో "ఫిజియోథెరపీ రోజూ చేయించాలి" అని డాక్టరు చేత రాయించుకో. ఆ ఒక్క వాక్యం లేక నేను మొదటి నెల ఫిజియో డబ్బులన్నీ పోగొట్టుకున్నాను. పాలసీలో "డొమిసిలియరీ" అనే మాట కనిపిస్తే ఇంట్లో సేవకు డబ్బిస్తారని అనుకోవద్దు. హాస్పిటల్లో చేయాల్సిన వైద్యాన్ని, కదిలించే వీలు లేకో బెడ్డు దొరక్కో, ఇంట్లో మూడు రోజులకు మించి చేయించాల్సి వస్తే ఇచ్చేదది. స్నానం చేయించే మనిషికి, అన్నం తినిపించే మనిషికి అందులో చోటు లేదు.

70 దాటినవాళ్ళకు 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది కదా, దానికి ఆదాయంతో పని లేదు, ఆధార్ చాలు. ఏడాదికి ఐదు లక్షలు. మీ నాయనకు 74 కాబట్టి తప్పకుండా చేయించు. కానీ అదీ హాస్పిటల్లో చేరితేనే.

మరి ఇంట్లో ఖర్చుకు డబ్బు ఎక్కడినుంచి రావాలి? ఈ ఉత్తరం రాయడానికి కారణమే ఇది. మీ నాయనను అడుగు. నిజంగా చెబుతున్నా. ఆయనకు మాట తడబడుతోంది గాని మనిషి తెలివిగా ఉన్నాడని నువ్వే అన్నావు. నలభై ఏళ్ళు గుంతకల్లులో బట్టల కొట్టు నడిపిన మనిషి, లెక్క ఆయనకు కొత్త కాదు. మంచాన పడ్డాడని మనం ఆయన వెనకాల గుసగుసగా డబ్బు సంగతి మాట్లాడుకుంటే ఆయనకు ఎంత అవమానం! పక్కన కూర్చుని, "నాయనా, నెలకు ఇంత అవుతుంది, నీ డబ్బు ఎక్కడెక్కడ ఉంది, ఎట్లా సర్దుదాం" అని అడుగు.

నేను అమ్మను అడగలేదురా. ఆమెకు ఆరు లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది, ఆమె ఒక్కదాని పేరు మీదే. కుడి చెయ్యి పడిపోయింది, సంతకం రాదు. బ్యాంకు వాళ్ళు ఏడు వారాలు తిప్పారు. ఒకసారి సంతకం కలవలేదన్నారు, ఇంకోసారి ఆమెనే తీసుకురమ్మన్నారు, ఇంకోసారి మేనేజరు లేడన్నారు. సొంత డబ్బు బ్యాంకులో ఉండగా సుజాత గాజులు కుదువ పెట్టాను. ఆమె ఒక్క మాటా అనలేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. తర్వాత తెలిసింది, రిజర్వు బ్యాంకు దీనికి ఎప్పుడో దారి చూపించింది. సంతకం పెట్టలేని వృద్ధుల వేలిముద్ర తీసుకోవచ్చు, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తుపట్టాలి, వాళ్ళలో ఒకరు బ్యాంకు బాధ్యత గల అధికారే అయి ఉండాలి. 70 దాటినవాళ్ళకు ఇంటికే వచ్చి సేవ చేయాలని కూడా చెప్పింది. ఆ నిబంధన కాగితం మీద ప్రింటు తీసుకుని వెళ్ళి టేబుల్ మీద పెట్టాక నాలుగో రోజు ఆఫీసరు మా ఇంటికి వచ్చి అమ్మ ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నాడు.

అందుకని మీ నాయన ఖాతాలు ఇప్పుడే జాయింటు చేయించు, వాళ్ళలో ఎవరైనా తీసుకునేట్టు. మీ అమ్మ పేరు ఒకటి, మీ ముగ్గురు పిల్లల్లో ఒకరి పేరు ఒకటి. నామినీ కూడా చూడు. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలని మీ బావ అన్నాడట కదా. అది మనిషి తెలివిలో ఉన్నంత వరకే. రాసిచ్చినవాళ్ళకు మతి తప్పితే చట్టం ప్రకారం అది చెల్లదు, ఆ తర్వాత కోర్టుకు పోయి గార్డియన్‌గా నియమించుకోవాల్సిందే. ఎక్కువమందికి ఇది తెలియదు.

ఇక కొట్టు అమ్మిన డబ్బు. పదిహేను లక్షలు మామూలు సేవింగ్స్‌లో పడి ఉన్నాయన్నావు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీముకు ఇప్పుడు 8.2 శాతం వడ్డీ ఉంది. ఐదేళ్ళ గడువు, 30 లక్షల దాకా పెట్టొచ్చు, వడ్డీ మూడు నెలలకొకసారి చేతికొస్తుంది. పది లక్షలు పెడితే మూడు నెలలకు 20,500. అంటే నెలకు దగ్గర దగ్గర ఏడు వేలు, డైపర్లూ కొన్ని మందులూ దాంట్లో గడిచిపోతాయి. మిగతా ఐదు లక్షలు మాత్రం అందులో వేయొద్దు. మధ్యలో తీస్తే కోత ఉంటుంది, మనకేమో ఎప్పుడు ఏ అవసరం పడుతుందో తెలియదు. కనీసం ఆరు నెలల ఖర్చు చేతికి అందేట్టు ఉండాలి. వడ్డీ మీద టాక్స్ పట్టుకోకుండా పోస్టాఫీసులో డిక్లరేషన్ ఫారం ఇప్పించు.

గుంతకల్లు ఇంటిని బ్యాంకులో పెట్టి నెలనెలా డబ్బు తీసుకునే పద్ధతి, రివర్స్ మార్ట్‌గేజ్ అంటారే, దాని గురించి కూడా అడిగావు. 60 దాటినవాళ్ళకు ఉంది. ఆ డబ్బుకు టాక్స్ కూడా లేదు, తర్వాత పిల్లలు అప్పు తీర్చి ఇల్లు విడిపించుకోవచ్చు. కానీ వాళ్ళు ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి. మీరు నాయనను చెన్నైకి తెచ్చుకుంటున్నారు కాబట్టి కుదరదు. ఇల్లు అద్దెకివ్వండి. పైభాగం మాత్రం తాళం వేసి ఉంచండి. కాస్త కోలుకున్నాక "మా ఊరికి పోదాం" అంటాడు చూడు. మా అమ్మ ఇప్పటికీ వారానికొకసారి గుంతకల్లు రైల్వే క్వార్టర్సు మాట ఎత్తుతుంది.

అన్నట్టు, మీ అత్తగారికి పోస్టల్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది కదా, ఆమెకు 80 నిండాయా? కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు, ఫ్యామిలీ పెన్షన్ వాళ్ళకు కూడా, 80 నిండగానే మూల పెన్షన్ మీద 20 శాతం కలుస్తుంది. 85కు 30, 90కి 40 శాతం, అట్లా పోయి 100 నిండితే రెట్టింపు. మా అమ్మకు 2023లోనే 80 నిండాయి, నాన్న పెన్షన్ కాగితంలో ఆమె పుట్టిన తేదీ లేకపోవడంతో పదిహేను నెలలు ఎవరూ కలపలేదు. ఆధార్, పాన్ జతచేసి అర్జీ పెట్టాక బకాయితో సహా వచ్చింది. చెల్లెమ్మతో చెప్పి వాళ్ళమ్మ కాగితం ఒకసారి తీయించు.

టాక్స్ సంగతి క్లుప్తంగా చెబుతాను. నువ్వు పాత పద్ధతిలోనే ఉన్నావు కాబట్టి ఇంట్లోవాళ్ళ వైకల్యానికి ఇచ్చే తగ్గింపు ఒకటి చూడు. నీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటే 75,000, 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు. ఎంత ఖర్చుపెట్టావో రసీదులు అడగరు. నాయన పరిస్థితి కుదుటపడ్డాక ప్రభుత్వ హాస్పిటల్లో అర్జీ పెట్టు. కొత్త పద్ధతిలోకి మారితే ఇదేదీ ఉండదు.

ఇప్పుడు మనిషి సంగతి. దీని గురించి ఎంత రాసినా తక్కువే. మొదట ఏజెన్సీ పంపిన అమ్మాయికి పాపం ఏమీ తెలియదు, రెండు రోజుల ట్రైనింగట. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. రెండో వారానికి అమ్మ నడుము కింద పుండు పడింది. నలభై రోజులు నర్సు వచ్చి డ్రెస్సింగ్ చేసింది, రోజుకు 500. ఇరవై వేలు పోతే పోయాయి, రాత్రిళ్ళు అమ్మ మూలుగు విన్నాం చూడు, అది చెప్పుకోలేనిది. నాలుగు వేలు పెట్టి ముందే ఎయిర్ బెడ్ కొని ఉంటే, తిప్పడం మేం నేర్చుకుని ఉంటే ఆ పుండు పడేది కాదు. డిశ్చార్జికి ముందే నువ్వూ చెల్లెమ్మా వార్డు నర్సు దగ్గర నిలబడి తిప్పడం, లేపి కూర్చోబెట్టడం, డైపర్ మార్చడం నేర్చుకోండి. ఆ సిస్టర్లు ఓపిగ్గా చూపిస్తారు.

నాలుగు నెలల్లో ఐదుగురు మారారు. ఒకరోజు మా పక్క వీధి పాలాయన కదిరి దగ్గర నుంచి లక్ష్మిని తీసుకొచ్చాడు. అప్పటినుంచి ఆమే. నెలకు 24,000, మాతోపాటే భోజనం. ఏజెన్సీకి 28,000 కట్టినప్పుడు ఆ పిల్ల చేతికి 18,000 వెళ్ళేది. లక్ష్మి మామకు కూడా పక్షవాతమేనట, పూర్తిగా మంచంలోనే. అక్కడ ఆంధ్రాలో ఎన్‌టీఆర్ భరోసా కింద అట్లాంటివాళ్ళకు నెలకు 15,000 పెన్షన్ వస్తోంది, వాళ్ళ ఆడబిడ్డ చూసుకుంటోంది. సొంత మామను వదిలి వచ్చి మా అమ్మకు తల దువ్వుతోందిరా ఆ మనిషి. నెలకు నాలుగు రోజులు ఊరికి పంపిస్తాం, జీతం కోయం. ఆ నాలుగు రోజులు నేను రాత్రి, సుజాత పగలు. నువ్వూ ఎవరిని పెట్టుకున్నా సెలవు ముందే మాట్లాడుకో. నిద్ర లేని మనిషి చేతిలో నాయనను పెట్టకూడదు.

డబ్బు కటకటగా ఉంటే మంచం అద్దెది తీసుకో, రాత్రి మీరే చూసుకుని పగటికి మాత్రమే మనిషిని పెట్టుకో, ఫిజియోలో మాత్రం తగ్గించొద్దు. పక్షవాతంలో మొదటి మూడు నెలల్లో వచ్చినంత కదలిక తర్వాత రాదని మా డాక్టరు పదే పదే చెప్పాడు. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని బాత్రూముకు పోతోందంటే ఆ మూడు నెలల పుణ్యమే.

చివరిగా మీ అన్న, అక్క. నేను ఎనిమిది నెలలు తమ్ముడికి ఏమీ చెప్పకుండా, వాడే అర్థం చేసుకోవాలని లోపల కుమిలిపోయాను. వాడేమో పూణేలో, అమ్మ పెన్షన్‌తో అంతా గడిచిపోతోందని అనుకున్నాడు. ఒకరోజు ఖర్చుల పుస్తకం ఫొటోలు తీసి పంపిస్తే వెంటనే ఫోన్ చేసి, "ముందే చెప్పకూడదా అన్నా" అని ఏడ్చాడు. అప్పటినుంచి నెలకు 15,000 పంపుతున్నాడు, లక్ష్మి ఊరికి పోయినప్పుడు వీలైతే వచ్చి రెండు రోజులు ఉంటాడు. నువ్వు ఈ వారమే ఒక పుస్తకం పెట్టు. ప్రతి రూపాయీ రాయి. నాయన ముందే ముగ్గురూ కూర్చోండి. ఆదోని అక్క డబ్బు ఇవ్వలేకపోతే ఏడాదిలో ఒక నెల వచ్చి ఉంటుంది, అది డబ్బు కంటే ఎక్కువ సాయం. ఎక్కడైనా దిక్కు తోచకపోతే 14567కు ఫోన్ చెయ్, పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఎల్డర్ లైన్ అది.

నేను శనివారం పొద్దున లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్‌కు వస్తున్నాను, టికెట్ తీసుకున్నాను. అమ్మ ఎయిర్ బెడ్, కమోడ్ కుర్చీ ఇప్పుడు మాకు అక్కర్లేదు, రెండూ కడిగి ఎండబెట్టాను, తెస్తాను. కొనొద్దు. మీ నాయన సంగతి చెప్పగానే అమ్మ ఎడమ చేత్తో గాలిలో ఏదో కొలిచి చూపించింది. ఉగాదికి మనిద్దరికీ ఒకే తానులోంచి చొక్కా గుడ్డ చించి ఇచ్చేవాడే, అది గుర్తు చేస్తోందని లక్ష్మి చెబితే గాని నాకు తెలియలేదు. శనివారం ఆయనతో చెబుతాను.

నీ
మధు