23 అంగుళాల సందు: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. అడవి గేటు దగ్గర మా అప్ప (అక్క) వీల్ చైర్ పట్టని సందు గురించి తమరికి ఇది ఐదో ఉత్తరం. ముందు మూడు సార్లు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, ఒకసారి రిజిస్టర్ పోస్టులో పంపాం, ప్రతిసారీ ఫోన్‌కి మెసేజ్ మాత్రం టంచనుగా వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. ఆ మెసేజ్ చూసి రెండు సార్లు ఆటో కట్టించుకుని వెళ్లి చూసొచ్చాం కూడాను. పరిష్కారం అయిన సమస్య ఏదో గానీ మాదైతే కాదండి.

అడవి పేరు ఇక్కడ రాయను. రాస్తే పాపం గేటు దగ్గర కాపలా ఉండే ఆయన మీద పడతారు, ఆయన తప్పేం లేదు. పేరు కావాలంటే ఆ నాలుగు అర్జీల మీదా ఉంది, తమ ఆఫీసులోనే ఉంటాయి, దుమ్ము దులిపిస్తే కనపడుద్ది. శ్రీకాకుళం జిల్లాలో కొండని ఆనుకుని ఉన్న పాత అడవి అని చెప్తే చాలు, మా వైపు వాళ్లకి తెలుసు. మద్ది చెట్లు, ఇప్ప చెట్లు, వాటికి చుట్టుకున్న అడ్డ తీగలు. మా నాన్న బతికున్నప్పుడు విస్తరాకులకని అక్కడికే వెళ్లేవాడు, మా అప్పని భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. అప్పకి మూడో ఏట పోలియో వచ్చింది. నాన్న పోయాక ఇరవై ఏళ్లు ఆ అడవి లోపలికి వెళ్లలేదు.

మరి ఆ గేటు దగ్గర "దివ్యాంగులకు అనుకూలమైన నడక దారి" అని వీల్ చైర్ బొమ్మేసి బోర్డు పెట్టారని తెలిస్తే ఆవిడ ఎంత సంబరపడుంటుందో తమరే ఆలోచించండి. కార్తీక మాసం వనభోజనాలకి చుట్టాలందరం కలిసి వెళ్లాం. పిల్లలు, ముసలాళ్లు, పులిహోర గిన్నె అన్నీ లోపలికి వెళ్లిపోయాయి. గేటు దగ్గర బైకులు దూరకుండా ఇనప స్తంభాలు పాతారు కదా, అక్కడ వీల్ చైర్ ఆగిపోయింది. ఇటు తిప్పాం, అటు తిప్పాం, వెనక్కి తిప్పి లాగాం, చక్రానికుండే రింగు స్తంభానికి తగిలి పెచ్చు లేచిపోయింది. అప్ప జాకెట్లు కుడుతుంది, సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. తీసి కొలిచింది. సందు 23 అంగుళాలు, కుర్చీ 26. "గుడ్డైతే కుట్టిప్పి మూడంగుళాలు వొదిలీద్దును రా, ఇనుముకేటి చేస్తాం" అంది. నవ్వుతూనే అంది గానీ మధ్యాహ్నం దాకా చెప్పుల దగ్గర, సంచుల దగ్గర కాపలాగా అక్కడే కూచుంది. లోపల ఉసిరి చెట్టు కింద మేం తిన్నాం, ఆవిడకి విస్తరి బయటికి తెచ్చిచ్చాం. ఆ రోజు నాకు ముద్ద దిగలేదండి.

ఇంకో ముచ్చట చెప్పకపోతే ఎలా. మేం అక్కడ నించునుండగానే ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చి, గేటు పక్కన ఇరవై అడుగుల దూరంలో కంచె తెగిపోయిన చోటునుంచి హారన్ కొట్టుకుంటూ లోపలికి పోయారు. బైకుల్ని ఆపడానికి వేసిన స్తంభాలు బైకుల్ని తప్ప అందర్నీ ఆపుతున్నాయి.

సరే, ఎలాగోలా ఎత్తి లోపల దించుదామా అంటే అవతల ర్యాంప్ చూశాక ఆ ధైర్యం కూడా పోయింది. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి అనేది తమ ఇంజనీర్లకి తెలియంది కాదు, అక్కడ రెండడుగుల ఎత్తుకి ఏడడుగులు కూడా లేదు, బస్తాలు దొర్లించడానికి కట్టినట్టుంది. అది దాటితే వదులు కంకర, చక్రాలు దిగబడిపోతాయి. ఇంక టాయిలెట్‌కి తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందో అడగలేదు లెండి, అప్పటికే ఓపిక అయిపోయింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దివ్యాంగులకి అనువుగా ఎలా కట్టాలో చెప్తూ కేంద్రం ఇచ్చిన 2021 గైడ్‌లైన్స్‌లో తలుపుకే 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలన్నారు, అంటే 35 అంగుళాల పైమాటే. ఇవి పాటిస్తే పాటించండి లేకపోతే లేదు అన్నట్టు ఉండకూడదు, తప్పనిసరి చెయ్యాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో చెప్పింది కూడా. ఇవన్నీ తమరికి నేను చెప్పేపాటివాడిని కాదు, కానీ మా అప్ప టేపుకి తెలిసింది అక్కడ స్తంభం పాతినోళ్లకి ఎందుకు తెలీలేదా అని.

అలాగని అడవంతా సిమెంటు పోసెయ్యమని అడగట్లేదు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు. పెద్ద చెట్ల వేళ్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, పైన కాంక్రీటు పోస్తే నీళ్లు దిగవు, గాలాడదు. గట్టిగా దిమ్మిస కొట్టిన గ్రావెల్ చాలు, వేళ్లు పైకి తేలిన చోట కొంచెం ఎత్తులో చెక్కల దారి వేస్తే చాలు. ఒక్క చెట్టు కూడా కొట్టక్కర్లేదు.

మా జిల్లాలోనే వలస పక్షులొచ్చే ఊరు తేలినీలాపురానికి అప్పని తీసుకెళ్లాను ఓసారి. అక్కడ పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊళ్లో ఇళ్ల మధ్య చింత చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి కాబట్టి రోడ్డు మీద కుర్చీలో కూచుని కడుపు నిండా చూసింది. పక్షులైతే ఊళ్లోకి వచ్చాయి గానీ అడవి మా వీధిలోకి రాదు కదండీ.

మొత్తం దారి ఎప్పుడు బాగుచేస్తారో తమ ఇష్టం. ముందు ఆ స్తంభం ఒక్కటి తీయించండి. డబ్బుల్లేవంటే చెప్పండి, మా వీధిలో వెల్డింగ్ షాపు కుర్రాడు ఊరికే వచ్చి కోసిస్తానన్నాడు, తమ పర్మిషన్ కాగితం ఒక్కటుంటే చాలట. లోపల వాగు పక్కన పెద్ద నేరేడు చెట్టుంది, నాన్న భుజం మీద కూచుని దాని పళ్లు కోసుకునేదాన్నని అప్ప ఇప్పటికీ చెప్తుంది. జూన్‌లో పండుతాయి. ఈలోపు ఆ కాగితం పంపించండి, మెసేజ్ మాత్రం పంపకండి.

ఇట్లు,
ఒక తమ్ముడు,
శ్రీకాకుళం జిల్లా